డ్రాయింగు సారు గులాబీ గోడ

1981 ఏప్రిల్ 24, శుక్రవారం. ఉదయం 6.00

నిన్నటితో బడి మూసేశారు. ఇవాళ్టి నుంచి యాభై రోజులు నా చేతిలో చాక్‌పీసు ఉండదు. కుంచె ఉంటుంది!

నిర్ణయం: మా ఇంటి ముందు గది ఎరుపు. మధ్య గది గులాబీ. మే 23 లోపల. నా చేతులతో.

కారణం అమర్నాథ్ కార్డు. హైదరాబాదులో బొమ్మలు నేర్చుకునే రోజుల్లో నా పక్క బల్ల వాడు. ఎరుపులో తెలుపు ఎంత కలపాలో నన్ను అడిగి తెలుసుకున్నవాడు. ఇప్పుడు వారపత్రికలకు ముఖచిత్రాలు వేస్తున్నాడు. పోయిన నెల ఒక పత్రికలో వాడి ఇంటి ఫోటో వచ్చింది, రంగుల్లో. ఎర్ర గోడ, గులాబీ పరదాలు, వాటి ముందు వాడు, నోట్లో పైపు. పొగ లేదు. ఉత్త పైపు.

మే 23న కారులో బొంబాయి వెళ్తూ జహీరాబాద్‌లో ఆగుతాడట. "నీ కళాహృదయం ఇంకా కొట్టుకుంటోందో లేదో చూడాలి" అని రాశాడు.

చూపిస్తాను.

ఈ ఊళ్లో రంగు అంటే నీలం. సున్నంలో ఇంత నీలిమందు పోసి, గోడకు పూసి, ఇల్లు మెరిసిపోయిందని మురుస్తారు. మా గల్లీలో పదిహేడు ఇళ్లు. ఉగాది ముందు అన్నిటికీ ఒకేసారి జలుబు చేసినట్టు అన్నీ నీలంగా మారాయి. మాదీ నీలమే. అది మా ఆవిడ శాంతమ్మ చేసిన పని. నేను అప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

షరతులు మూడు. పెయింటర్లను గడప తొక్కనివ్వను. ఎవరి సలహా వినను. శాంతమ్మను అడగను.

ఏప్రిల్ 25, శనివారం

ఉదయం 9.00. నాగప్ప దుకాణం. మా పక్కింటివాడే. దుకాణంలో కాలెండర్లు తొమ్మిది. ఒక్కదాని మీదా ఈ నెల లేదు.

"సెలవులొచ్చినయ్ గద సారు. సున్నమా? నీలిమందు ఎంత కట్టాలె?"

"నీలం వద్దు. ఎరుపు వేస్తున్నాను."

"గడపకా?"

"గోడలకు."

పొట్లం కడుతున్నవాడు ఆపేశాడు. "నాలుగు గోడలకా?"

"నాలుగింటికీ. మధ్య గది గులాబీ."

నాగప్ప గొంతు తగ్గించాడు. "ఇంట్ల అంత మంచిదేనా సారు?"

ఇదీ ఈ ఊరి సంస్కారం. మనిషి ఎరుపు అడిగితే ఇంట్లో ఏదో అయిందనుకుంటారు!

సున్నంలో రంగు గోడను పట్టుకోవడానికి సరేసు అనే జిగురు ఇచ్చాడు. ఇంటికి తెస్తే శాంతమ్మ వాసన చూసి పొట్లం వాకిట్లో పెట్టింది.

"గిది బొక్కల తోని చేస్తరు. లింగం కట్టుకున్న ఇంట్ల పొయ్యి మీద ఉడకవెడ్తరా?"

సరే, జిగురే లేకుండా వేస్తాను. వేల ఏళ్ల కిందట గుహల్లో బొమ్మలు వేసినవాళ్లు నాగప్ప దగ్గర సరేసు కొన్నారా?

ఏప్రిల్ 27, సోమవారం

5.30. సైకిల్ మీద మొగుడంపల్లి దారి. రెండు సంచుల ఎర్రమట్టి తవ్వి తెచ్చాను. ఎర్రమట్టి మీద కూర్చున్న ఊళ్లో ఎర్రపొడి కొనుక్కునేవాణ్ని ఏమనాలి?

8.00. జల్లెడ పట్టాను.

10.00. సున్నంలో కలిపాను.

11.00. మొదటి గోడ. తడి మీద ఏం రంగు! నేనే రెండడుగులు వెనక్కి వేసి చూశాను.

గోడకు మా మామగారు చెన్నబసప్ప ఫోటో ఉంది. ఆకుపచ్చ చట్రం. ఎరుపు మీద ఆకుపచ్చ అంటే కంట్లో కారం కొట్టినట్టే. తీసి అటక మీద పెట్టాను.

ఏప్రిల్ 28, మంగళవారం

ఆరింది. ఇటుక రంగు. కాదు, ఇటుక నయం.

శాంతమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "మంచిగనే ఉన్నది. ఇటుక బట్టీల కూసున్నట్టున్నది."

తప్పు నాది కాదు. మొగుడంపల్లి మట్టిలో జీవం లేదు.

ఏప్రిల్ 30, గురువారం

నాగప్ప దగ్గర ఎర్రపొడి కొన్నాను. వాడు ఏమీ అనలేదు. అనకుండా ఉండటంలో కూడా ఒక వెటకారం ఉంటుంది.

రెండో పూత, మూడో పూత. సాయంత్రం 5.00కు ఎరుపు వచ్చింది. నిజమైన ఎరుపు! నాలుగు గోడలూ భగ్గుమంటున్నాయి, తలుపు తీస్తే వీధిలోకి కూడా. అమర్నాథ్, రా.

మే 2, శనివారం

ఉదయం 10.00. తలపాగా చుట్టుకున్న ముసలాయన నేరుగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. రాయికోడ్ నుంచి వచ్చాడట. జేబులోంచి ఉత్తరం తీసి నా ముందు పెట్టాడు.

"దీనికి టికెట్ అంటియ్యున్రి."

"ఇది ఇల్లు."

"ఇల్లయితె ఎర్రగ ఎందుకున్నది? బస్సు దిగంగనే అడిగిన. ఎర్రగ కనవడ్తది, అదే పోస్టాఫీసు పో అన్నరు."

ఇరవై నిమిషాలు లేవలేదు. నేను పని ఎగ్గొడుతున్న గుమాస్తానని ఆయన నమ్మకం. చివరికి శాంతమ్మ మంచినీళ్లిచ్చి దారి చూపించింది. వెళ్తూ వెళ్తూ నన్ను చూసి, "సర్కారు నౌకర్లందరు గిట్లనే ఉంటరు" అన్నాడు.

చదువులేనివాళ్ల మెప్పు నాకు అక్కర్లేదు.

మే 4, సోమవారం

ఎవరో మా గడప మీద పసుపు కుంకుమ వేసి కొబ్బరికాయ కొట్టి పోయారు. అమ్మవారి గుడి అనుకున్నారు కాబోలు.

శాంతమ్మ ఆ చిప్పలు ఏరి పచ్చడి చేసింది. మధ్యాహ్నం నాకు రెండుసార్లు వడ్డించింది. రెండోసారి నవ్వు దాచుకోలేదు.

మే 7, గురువారం

మధ్య గది. హోలీకి అమ్ముడుపోని గులాబీ రంగు నాగప్ప దగ్గర మిగిలి ఉంది. సున్నంలో కలపగానే ఇంద్రధనుస్సు ఒక్కటి విరిగి బకెట్లో పడినట్టు అయింది. ఒక్కరోజులో నాలుగు గోడలు. నాలుగూ గులాబీ!

నడుము నొప్పి. అయినా ఈ గల్లీలో ఇవాళ నాకంటే సుఖపడినవాడు లేడు.

మే 9, శనివారం

గోడ అంటుకుంటోంది. అంటే, గోడ మనుషులకు అంటుకుంటోంది.

ఉదయం నాగప్ప చూడ్డానికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. తెల్ల చొక్కా. ఆ వీపు గులాబీతోనే మధ్యాహ్నం దాకా దుకాణంలో కూర్చున్నాడు. కొనడానికి వచ్చినవాళ్లంతా నవ్వుతుంటే తన మాటకారితనమే అనుకున్నాడట. సాయంత్రం చొక్కా విప్పి తెచ్చి నా ముందు పరిచాడు.

"సారు, హోలీ అయిపోయి రెండు నెల్లాయె."

శాంతమ్మ చీర, తలగడలు, సజ్జరొట్టెల బుట్ట, చివరికి పిల్లి. ఎవరిది ఆ పిల్లి? మాకు పిల్లి లేదు. గులాబీ పిల్లి ఒకటి గల్లీలో తిరుగుతోంది.

ఇల్లన్నాక గోడలకు ఆనుకోకూడదు. ఈ ఊళ్లో ఎవరికీ నిటారుగా కూర్చోవడం రాదు.

మే 11, సోమవారం

ఇది రాయాలని లేదు. రాస్తున్నాను.

నాలుగు రోజుల నుంచి శాంతమ్మ వసారాలో కూర్చుంటోంది. ముందు గదిలో తల పగిలిపోతుందట, మధ్య గదిలో చీరలు పాడవుతున్నాయట. మా అమ్మాయి కాపురానికి హుమ్నాబాద్ వెళ్లాక ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఆ ఇద్దరిలో ఒకరికి కూర్చునే చోటు లేదు. అది నాకు తోచలేదు.

మధ్యాహ్నం అడిగింది. "మా నాయిన ఏడి?"

"అటక మీద."

"ఎందుకు?"

"చట్రం ఆకుపచ్చ. ఎరుపు మీద బాగుండదు."

"గీ గోడల రాళ్లు మా నాయిన కోహీర్ నుంచి బండి గట్టి తోలిండు. ఎండల, పదకొండు దినాలు. ఆయన తెచ్చిన గోడ మీదికెల్లి ఆయన్నే తీసి ఎలుకల నడుమ వెట్టిన్రా?"

"రంగుల సంగతి నీకు తెలియదు శాంతా."

"తెల్వది. ఎన్నడన్న అడిగిన్రా?"

లేచి నిలబడి, "సాకు" అంది. కోపం వస్తే ఆమె పుట్టింటి కన్నడంలోకి పోతుంది. సాకు అంటే చాలు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ఆ మాట నేను నాలుగుసార్లు విన్నాను.

తనే స్టూలు ఎక్కింది. ఫోటో దించి కొంగుతో దుమ్ము తుడిచి, తువాలులో చుట్టుకుంది. రెండున్నర బస్సుకు కోహీర్ వెళ్లిపోయింది.

"ఎన్ని రోజులు?" అని వాకిట్లో నిలబడి అడిగాను.

"గోడలు ఆరెదాంక."

మే 13, బుధవారం

అన్నం అడుగంటింది. పప్పు ఉడకలేదు. వంట చిన్న కళ. పెద్ద కళలు తెలిసినవాడికి చిన్నవి కుదరకపోవడం సహజం.

మధ్య గది గోడ గులాబీ తగ్గుతోంది. తెల్లారి చూస్తే మరింత తక్కువ. ఇప్పుడు బూడిద రంగు మీద ఎక్కడో సిగ్గుపడినట్టుగా ఉంది. బొంబాయిలో దీన్నే నాజూకు అంటారు. అమర్నాథ్‌కు అలాగే చెప్తాను.

మే 15, శుక్రవారం

భోంచేస్తుంటే ముందు గది గోడ నుంచి అరచేయంత పెచ్చు ఊడి పళ్లెంలో పడింది. ఎరుపు. మజ్జిగలో.

ఈ ఏడు ఎండ ఎక్కువ. ఏ గోడైనా పెచ్చులూడుతుంది.

సాయంత్రానికి ఇంకో పదమూడు పెచ్చులు. ఊడినచోట కింద నీలం కనిపిస్తోంది.

మే 16, శనివారం

ఇంకా ఏడు రోజులు.

అమర్నాథ్‌కు, ఊళ్లో ఉండటం లేదు రావద్దు అని ఉత్తరం రాశాను. చింపాను. మళ్లీ రాశాను. అదీ చింపాను.

మే 17, ఆదివారం

బొంబాయి రోడ్డు మీద లారీలకు రంగులు వేసే షెడ్డు ఉంది. అది పెట్టినప్పటి నుంచి, పదేళ్లుగా, దాని ముందు నుంచే బడికి పోతున్నాను. లారీల వెనక తలుపుల మీద గులాబీలు వేస్తారు. క్యాబేజీలు వికసించినట్టు ఉంటాయి. ఏనాడూ సైకిల్ దిగలేదు. ఇవాళ దిగాను.

ముప్పై ఏళ్ల మనిషి నిచ్చెన దిగివచ్చి దండం పెట్టాడు.

"నమస్తె సారు. గుర్తువట్టిన్రా? జగ్గయ్యను. ఏడో తరగతిల మీ తానే సదివిన."

గుర్తు లేదు. ఉందన్నాను.

"గులాబీ ఆవు" అన్నాడు.

గుర్తొచ్చింది. పరీక్షలో ఆవు బొమ్మ వేయమంటే గులాబీ రంగు వేసిన పిల్లవాడు. కాగితం క్లాసంతటికీ చూపించి చింపాను. స్కేలుతో నాలుగు కొట్టాను. ఆ తర్వాత వాడు బడికి రాలేదు.

"గులాబీ ఆవు యాడన్న ఉంటదా అని కొట్టిన్రు. ఉంటది సారు." కోపంగా అనలేదు. కుంచె తుడుచుకుంటూ అన్నాడు. "మాది మొగుడంపల్లి. పొద్దుమూకంగ ఆవులు ఇంటికొస్తయ్ గద. ఎర్రదుమ్ము లేస్తది. ఎనకకెల్లి పొద్దు. తెల్లావు అప్పుడు తెల్లగ ఉండది. నేను సూసిందే ఏసిన."

గోడ సంగతి చెప్పాను.

సాయంత్రం వచ్చాడు. గోడను గోటితో గీకాడు. పొడి చేతిలో నలిపాడు.

"జిగురు ఎయ్యలేదు సారు. హోలీ రంగుకు సున్నం వడది. సున్నమే దాన్ని తింటది."

"సరేసు మా ఇంట్లో వద్దంటారు."

"సరేసు ఎందుకు? తుమ్మబంక నానవోస్తె సరిపాయె. మీ బడి ఎనకాల అన్నీ తుమ్మచెట్లే గద."

ఇరవై ఏళ్లు ఆ చెట్ల నీడలో సైకిల్ పెట్టాను.

మే 19, మంగళవారం

జగ్గయ్య రెండు రోజులుగా గీకుతున్నాడు. నా మూడు వారాల పని నేల మీద కుప్పగా పడింది.

నాలుగు గోడలకూ ఎరుపు వేయనన్నాడు. నేను వాదించాను.

"నాలుగు దిక్కుల ఎరుపైతె మనిషి యాడ సూడాలె సారు? కంటికి గుడ జర కూసునే జాగ కావాలె."

ఏ పుస్తకంలో చదివాడు? ఏడో తరగతి కూడా పూర్తి కాలేదు.

మే 22, శుక్రవారం

ముందు గది అయింది. మధ్య గదికి సమయం చాలలేదు, తలుపు మూసేశాం.

గుమ్మానికి ఎదురు గోడ ఎరుపు. మంట కాదు, పండిన మిరపకాయ లోపలి వైపు. మిగతా మూడు గోడలు లేత గులాబీ, దాదాపు తెలుపు. ఎర్రగోడ మీద పడిన వెలుగు వాటి మీదకు పోయి వాలుతోంది. ఉదయం ఒకలా, నాలుగింటికి ఒకలా. నేను చాలాసేపు నిలబడిపోయాను.

"ఎట్లున్నది సారు?"

"పర్వాలేదు" అన్నాను.

ఆ మాట ఇక్కడ రాసుకుంటే చదవడానికే చిన్నతనంగా ఉంది.

మే 23, శనివారం

11.20. కారు వచ్చింది. అమర్నాథ్ లావయ్యాడు. గుమ్మంలో అడుగు పెట్టి ఆగిపోయాడు.

"గురూ! మా ఇంట్లో నేను రంగు పూశాను. ఇక్కడ రంగు బతుకుతోంది. నువ్వే చేశావా ఇది?"

జగ్గయ్య అక్కడే ఉన్నాడు. కిటికీ ఊచలకు చివరి పూత వేస్తున్నాడు.

"ఆ" అన్నాను.

ఒక్క అక్షరం. జగ్గయ్య కుంచె ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది.

"ఈయనెవరు?"

"సహాయానికి పెట్టుకున్నాను."

ఇది రెండో అబద్ధం. పేరు చెప్పినా సరిపోయేది.

అమర్నాథ్ కెమెరా తీశాడు. వచ్చే నెల పత్రికలో వేయిస్తాడట. 'చిన్న ఊరు, పెద్ద కన్ను' అని శీర్షిక కూడా చెప్పాడు. నన్ను ఎర్రగోడ ముందు నిలబెట్టాడు. "ఊరికే నిలబడితే ఎట్లా? చేతిలో కుంచె పట్టుకో."

నా కుంచెలు ఎప్పుడో పాడయ్యాయి. నేను జగ్గయ్య వైపు చెయ్యి చాపాను. అతను కుంచె పిడిని తన లుంగీకి తుడిచి, నా చేతికి రంగు అంటకుండా అందించాడు.

ఫోటో తీశాడు. రెండు.

కారు వెళ్లాక జగ్గయ్య కుంచెలు కడుక్కున్నాడు. టీ పెట్టాను. నేను పెట్టిన టీ.

"పోయొస్త సారు" అని తాగకుండా వెళ్లిపోయాడు.

మే 26, మంగళవారం

ఎండ. తలనొప్పి.

మే 28, గురువారం

అతని పేరు చెప్తే మాత్రం లారీ పెయింటర్ ఫోటో ఏ పత్రిక వేస్తుంది? నా పేరు మీద వస్తేనే ఆ గోడను నలుగురు చూస్తారు. ఒకరకంగా అతనికి మేలే చేశాను.

సాయంత్రం. పైన రాసింది చదివాను. ఛీ. ఈ ఊరందరినీ తక్కువగా చూసి పేజీలు నింపినవాణ్ని. వాళ్లలో ఒక్కడు కూడా ఇంత నీచమైన వాక్యం రాయలేడు.

మే 30, శనివారం

గోడ ముందు కూర్చోలేకపోతున్నాను. ఇప్పుడు వసారాలో కూర్చునేది నేను.

జూన్ 1, సోమవారం

కోహీర్ వెళ్లాను. శాంతమ్మ పెరట్లో చింతపండు గింజ తీస్తోంది. లేవలేదు. పీట మాత్రం నా వైపు జరిపింది. మామగారి ఫోటో వాళ్లింటి గోడకు ఉంది, ఆకుపచ్చ చట్రంతో.

అంతా చెప్పాను. గులాబీ ఆవు సంగతీ, "ఆ" అన్న సంగతీ, కుంచె పిడి తుడిచి ఇచ్చిన సంగతీ. ఆమె గింజలు తీస్తూనే ఉంది.

"నా తోని చెప్తె ఏమొస్తది? ఆ పిలగాని తోని చెప్పిన్రా?"

"పిల్లవాడు కాదు, ముప్పై ఏళ్లు."

"మీకు సిగ్గు ఎక్కువ. తప్పు చేసెటప్పుడు రాదు, ఒప్పుకునేటప్పుడు వస్తది. పోయి చెప్పున్రి. చెప్పిన దినం నాకు కార్డు రాయున్రి."

"ఫోటో తీసుకొస్తావా?"

"గది ఈడ్నే ఉంటది. ఒక్కపారి దించిన్రు. చాలు."

ఈసారి కన్నడంలో అనలేదు. తెలుగులోనే అంది. అది ఇంకా గట్టిగా తగిలింది.

జూన్ 2, మంగళవారం

8.00. షెడ్డు. ముగ్గురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. వాళ్లు పోయేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే ఎప్పటికీ చెప్పనని తెలుసు.

"జగ్గయ్యా, ఆ గోడ నేను వేశానని చెప్పాను. అది అబద్ధం. గోడ నీది. ఏడో తరగతిలో నీ కాగితం చింపిందీ నేనే. రెండూ తప్పే."

డ్రైవర్లు గ్లాసులు దించారు. జగ్గయ్య నిచ్చెన మీదే ఉన్నాడు. ఒక గులాబీ రేకు అంచు దిద్దడం పూర్తి చేశాడు.

"నా ముంగటనే చెప్పిన్రు గద సారు. నాకెర్కనే."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? కుంచె కిటికీకేసి కొట్టి పోదామనుకున్న. పూత ఇంక పచ్చిగున్నది. కరాబైతదని ఊకున్న."

కిందికి దిగి వచ్చాడు. "నా తోని చెప్తె ఏం లాభం? ఆయనకు రాయున్రి."

అక్కడే పనిముట్ల పెట్టె మీద కూర్చుని కార్డు రాశాను. ముసలి డ్రైవరు ఒకాయన నా భుజం మీద నుంచి చదువుతున్నాడు.

"ఉత్త జగ్గయ్య అంటె ఎవలనుకుంటరు సారు? మొగుడంపల్లి జగ్గయ్య అని రాయున్రి" అన్నాడు ఆయన.

రాశాను. కోహీర్‌కు కూడా ఒక కార్డు.

జూన్ 11, గురువారం

అమర్నాథ్ జవాబు. నాలుగు లైన్లు.

"నీ ఉత్తరం అందింది. నీ ఫోటో తీసేయించాను. గోడ ఫోటో మాత్రం వస్తుంది, అతని పేరుతో. హైదరాబాదు వస్తే అతన్ని నన్ను కలవమను. నీతో తర్వాత మాట్లాడతాను."

'తర్వాత' అంటే ఎప్పుడో రాయలేదు. అడిగే మొహం నాకు లేదు.

కార్డు తీసుకెళ్లి జగ్గయ్యకు ఇచ్చాను. రెండుసార్లు చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "మధ్య గది అట్లనే వదిలేసినం గద సారు. ఎప్పుడు మొదలువెడ్దాం?"

జూన్ 13, శనివారం

శాంతమ్మ వచ్చింది. ముందు గదిలో నిలబడి ఎర్రగోడ చూసింది. పక్క గోడలు చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. గంటసేపు లేవలేదు.

"ఈడ కూసోవచ్చు" అంది.

జూన్ 14, ఆదివారం. ఉదయం 7.00

రేపు బడి తెరుస్తారు. ఇవాళ మధ్య గది మొదలు. నిర్ణయం: గులాబీ. జగ్గయ్య వేస్తాడు. నేను సున్నం వడకడతాను, బంక నానబెడతాను, చెప్పినంత కలుపుతాను.

8.30. జగ్గయ్య బకెట్లు సర్దుకుని, నా వైపు కాకుండా వంటింటి వైపు తిరిగి పిలిచాడు.

"అమ్మా, గులాబీల శాన రకాలుంటయ్. మీకు ఏది కావాలె?"

శాంతమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను నోరు తెరిచాను. మూసుకున్నాను. ఆమె గోడ వైపు చూసి మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. జగ్గయ్య కుంచె పట్టుకుని తొందర లేకుండా నిలబడ్డాడు. ఏమీ తోచక లోపలికి పోయిందేమో అనుకున్నాను. చేతిలో ఉల్లిగడ్డతో తిరిగి వచ్చింది. పైపొట్టు తీసి పారేసి, దాని కింది పలుచటి పొర ఒలిచి, తడి చేసి గోడకు అంటించింది. కిటికీ వెలుగు దాని మీద పడింది.

"గిది."

జగ్గయ్య వంగి చూశాడు. "అయితది అమ్మ. జర కష్టం. అయితది."

ఇరవై ఏళ్లుగా రంగులు పాఠం చెప్తున్నాను. మా ఇంట్లో రోజుకు రెండు పూటలా ఉల్లిగడ్డ తరుగుతారు. ఒక్కనాడూ చూడలేదు.

10.00. మొదటి గిన్నె కలిపి గోడ మీద వేలెడంత పూశాను. శాంతమ్మ ఉల్లిపొరను, నా రంగును మార్చి మార్చి చూసింది. "ఊహూ."

11.15. రెండో గిన్నె. "ఊహూ. గిది హోలీ."

మధ్యాహ్నం 1.00. మూడోది. తలుపు దగ్గరికి పోయి, కళ్లు చికిలించి చూసింది. "దగ్గరికొచ్చింది. తెలుపు ఎక్కువాయె."

"తెలుపు ఎక్కువైందట సారు" అన్నాడు జగ్గయ్య, నాకు వినపడలేదేమో అన్నట్టు.

2.30. నాలుగో గిన్నె కలుపుతున్నాను.